గానుగ పెడతాం సరే, గిట్టుబాటు ధర మాటేమిటి?

ఈమధ్య ఏ రైతు సదస్సుకు వెళ్లినా ఒకటే పాట. పంట అమ్ముకుంటే ఏం మిగులుతుంది, మీరూ పారిశ్రామికవేత్తలు కండి, వేరుశనగ కాయలు అమ్మకండి, నూనె తీసి అమ్మండి అని. చెప్పే అధికారికి నెల జీతం ఉంది, వినే మనకు బ్యాంకు నోటీసు ఉంది. చిన్న వ్యాపారానికి మనం వ్యతిరేకం కాదు. గానుగ మన ఊళ్లకు కొత్తదా ఏమన్నానా? లెక్క సగమే చెప్పి అప్పులోకి తోస్తామంటే మాత్రం ఒప్పుకోం.

మిగతా సగం మనమే వేసుకుందాం. వంద కిలోల కాయ ఒలిస్తే 70 కిలోల లోపు పప్పు. వంద కిలోల పప్పు ఆడిస్తే 40 కిలోలు అటూఇటూగా నూనె, మిగిలింది చెక్క. అంటే కిలో నూనెకు రెండున్నర కిలోల పప్పు. పప్పు కిలో 120 అనుకుంటే 300 రూపాయలు. చెక్క మీద 55 వచ్చిందనుకున్నా 245 తేలింది. కరెంటు, కూలి, డబ్బా, రవాణా, బ్యాంకు కంతు ఇంకా కలపనేలేదు.

సొంత పంటే కదా, పప్పుకు ఖర్చేమిటి అంటారు కొందరు. మునిగేది అక్కడే. మన పప్పునైనా గానుగ మార్కెట్ ధరకు కొన్నట్టే పుస్తకంలో రాయాలి. లేకపోతే పొలం నష్టం గానుగలో, గానుగ నష్టం పొలంలో దాక్కుంటుంది. ఇంట్లో ఆడవాళ్లు డబ్బాలు నింపితే ఆ కూలి కూడా రాయాలి. అది ఊరికే వచ్చిన పని కాదు.

యంత్రం కొనడం తేలిక. ముంచేది సరుకు పెట్టుబడి. రోజుకు 50 కిలోల చొప్పున నెలకు 25 రోజులు ఆడినా ఆరు నెలలకు 7,500 కిలోల పప్పు కావాలి. పై ధరకే 9 లక్షలు. అదీ కోతలప్పుడు, ధర దిగినప్పుడే కొని పెట్టుకోవాలి. 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ ఉంది. సదస్సులో ఇంతవరకే చెబుతారు. ఆ సబ్సిడీ యంత్రాల చుట్టూ కట్టింది, సరుకుకు కాదు. కనీసం 10 శాతం మనం పెట్టుకోవాలి, మిగతాది అప్పు. సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులోనే ఉండి, మూడేళ్లు కంతులు సరిగా కడితేనే అప్పులో జమ అవుతుంది. "సబ్సిడీ ఇప్పిస్తా" అని కొటేషన్ పట్టుకొని ఇంటికొచ్చే డీలరుకు మాత్రం మొదటి రోజే డబ్బు ముడుతుంది.

10 లక్షల లోపు సూక్ష్మ యూనిట్ రుణానికి తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మేనేజరు పొలం పాసుపుస్తకం అడిగితే, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఒంటరిగా వెళ్లకండి, సంఘం నుంచి ఇద్దరిని తీసుకెళ్లండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బు అడిగితే మోసమే. అది ఉంటే 2006 చట్టం ప్రకారం సరుకు కొన్న వ్యాపారి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మా తోటి రైతు ఒకాయన పట్నంలోని ఒక పెద్ద దుకాణానికి డబ్బాలు పోసి నెలల తరబడి తిరిగాడు, చేతిలో బిల్లు కూడా లేదు. బిల్లు లేకుండా డబ్బా గడప దాటించొద్దు. లూజు నూనె అమ్మకం నిషేధం కాబట్టి సీలు, లేబుల్ తప్పవు. చిన్న యూనిట్‌కు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలే.

ఇన్ని జాగ్రత్తలు మనం పడతాం. మరి ప్రభుత్వం ఏం చేసింది? 2025 మే 30న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి దించింది. దేశం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. ఒక చేత్తో గానుగ పెట్టమని సబ్సిడీ, రెండో చేత్తో మన డబ్బా పక్కన చౌక ప్యాకెట్. రేపు గానుగ మూతపడితే రైతుకు వ్యాపారం చేతకాలేదని రాస్తారు.

ఊళ్లో 200 మంది వేరుశనగ వేస్తే 200 గానుగలు పెడతారా? ఐదు నడిస్తే గొప్ప. మిగతా 195 మందికి కావలసింది సదస్సు కాదు, సి2 మీద 50 శాతం కలిపిన మద్దతు ధర, దానికి చట్టం. ఆ ఐదుగురికి కావలసింది కోతల నాటికి అందే సరుకు రుణం. ఈసారి మీ మండలంలో సదస్సు పెడితే తప్పక వెళ్లండి. ఈ రెండూ ఎప్పుడిస్తారని మైకు అడిగి తీసుకొని అడగండి.