నక్షా ముందు మనమెక్కడ?

భైంసా పేరు పత్రికల మొదటి పుటకెక్కిన ప్రతిసారీ కారణం ఒక్కటే. 2008 అక్టోబరు, 2020 జనవరి, 2021 మార్చి: ఈ తేదీల వెనుక కాలిన ఇళ్లున్నాయి, విడిపోయిన వీధులున్నాయి. అల్లర్లు సద్దుమణిగాక శాంతి సంఘాలు కూర్చుంటాయి, కేసులు నడుస్తాయి, పరిహారం కోసం అర్జీలు పెడతాం. ఇవన్నీ అవసరమే. అయితే, చల్లబడిన ఊరిలో రోడ్డు ఎటు వెళ్లాలో, మురుగుకాల్వ ఎక్కడిదాకా రావాలో, బడికి ఏ స్థలం కేటాయించాలో నిర్ణయించేచోట మన పిల్లలు ఎందరున్నారన్న ప్రశ్నను మాత్రం మనం వేసుకోవడం లేదు.

ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 27.8 శాతం కాగా, ముస్లింలలో 35.7 శాతం. అభద్రతాభావంతో ఒకేచోట గుమిగూడిన బస్తీలు నీరు, పారిశుధ్యం, రోడ్ల విషయంలో నిర్లక్ష్యానికి గురవుతున్నాయని 2006లో సచార్ కమిటీ చెప్పింది. భయం మనలను ఒక మూలకు చేర్చితే, ఆ మూలను మున్సిపల్ పటం మరచిపోతోంది.

పట్టణ ముసాయిదా మాస్టర్ ప్లాన్ వెలువడితే అభ్యంతరాలకు గడువిస్తారు. అందులో ఖబరస్తాన్‌కు ఏ రంగు వేశారు, ఈద్గా మీదుగా రోడ్డు గీత పోతున్నదా, బస్తీని నివాస ప్రాంతంగా గుర్తించారా అని చదవగలిగినవారు లేకపోతే ఆ గడువు చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. ఆ తర్వాత మిగిలేవి కోర్టు మెట్లే.

చట్టం తలుపు తెరిచే ఉంచింది. 74వ రాజ్యాంగ సవరణ పురపాలికలకు అప్పగించదగిన 18 అంశాలలో మొదటిది పట్టణ ప్రణాళికే. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలన్నది. మన మహల్లాలలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

చదువుల దారీ ఉన్నది. ఇంటర్‌లో గణితం చదివిన విద్యార్థి జేఈఈ మెయిన్‌లోని ప్లానింగ్ పేపరు రాసి విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చేరవచ్చు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ ప్రణాళికా విద్య ఉన్నది. నాలుగేళ్ల చదువు భారమనుకునే కుటుంబాలకు పాలిటెక్నిక్ మార్గముంది. 2022లో ప్రకటించిన 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్ పోస్టులకు సివిల్ డిప్లొమా చదివినవారూ అర్హులే. సోషల్ వర్క్ చదివిన యువతీయువకులకు మెప్మా వంటి సంస్థలలోనూ, స్వచ్ఛంద సంస్థలలోనూ బస్తీ అభివృద్ధి పని ఉన్నది. ఈ కొలువులు తక్కువే, తొలి జీతం గల్ఫ్ ఆశలకు సరితూగకపోవచ్చు. కాని గల్ఫ్ వెళ్లినవాడు పంపిన సొమ్ముతో ఇల్లు కడతాం. ఆ ఇంటి ముందుకు రోడ్డు రావాలంటే మరొకరు ఇక్కడే ఉండి పనిచేయాలి.

ఒక మాట స్పష్టం చేయదలచాము. మన పిల్లలు ఆ కుర్చీలో కూర్చోవాలని మేము కోరేది మన వీధికి మాత్రమే కాల్వ తవ్వించడానికి కాదు. 2021 జూలై కుండపోతకు భైంసాలోని లోతట్టు కాలనీలు మునిగినప్పుడు, నీరు నేల వాలును బట్టి ఇళ్లలోకి వచ్చింది. ఎగువ వీధి కాల్వ పూడిపోతే దిగువ వీధి మునుగుతుంది, అక్కడ ఎవరున్నా సరే. రెండు వర్గాల తల్లులూ కూర్చునే ఆసుపత్రి వరండా, రెండు వర్గాల పిల్లలూ ఆడుకునే మైదానం, అందరి పత్తి బండ్లూ సాగే మార్కెట్ రోడ్డు ఎక్కడ ఉండాలో ఆలోచించేవారే ఆ ఊరికి మేలు చేస్తారు. ప్రజల సొమ్ముతో చేసే పని అమానత్. అందులో పక్షపాతానికి తావులేదు.

మస్జిద్ కమిటీలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ సంవత్సరమే ఒక పని చేయాలని మా విన్నపం. ఇంటర్ చదువుతున్న పిల్లలను ఒక సాయంత్రం పిలిచి ఈ చదువుల గురించి చెప్పించండి. బీసీ-ఈ వర్గాలకున్న 4 శాతం రిజర్వేషన్ పత్రాలను ముందే సిద్ధం చేయించండి. ఆడపిల్లలను వెనుక వరుసలో కూర్చోబెట్టవద్దు. నీళ్ల కుళాయి దూరం వారికే బాగా తెలుసు. భైంసా, ముధోల్, నిర్మల్ నుంచి వచ్చే విద్యాసంవత్సరంలో ఒక్కొక్కరు ఈ చదువులో చేరినా, అది మంచి ఆరంభమే.