పేర్లు కాదు, నమూనాలు కావాలి

‘చూసి కొనండి’ అని ప్రభుత్వం మనకు హితవు చెబుతున్నది. ఏమి చూడాలి? 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీది వివరాలు ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు. భద్రాచలం మన్యపు సంతకు వచ్చే కోయ తల్లి, ఖమ్మం బస్తీలోని మన అక్కచెల్లెళ్లు వాటిని ఎలా చదువుకోవాలి? కారం, పసుపు పొడులను ప్యాకెట్లలో తప్ప విడిగా అమ్మరాదని 2011 నిబంధనలున్నవి. సంతలో మాత్రం రాశులు పోసి అమ్ముతూనే ఉన్నారు. పసుపులో కలిపిన మెటానిల్ ఎల్లో రంగు కంటిచూపుకు దొరకదు. పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

తనిఖీని వదిలి ‘వివరాలు ప్రకటించండి’ అనే మాట ఏ దారి పట్టగలదో 2024 జూలైలో చూశాము. ఉత్తరప్రదేశ్‌లో కాంవడ్ యాత్ర దారిలోని హోటళ్ల యజమానులు తమ పేర్లు బోర్డులపై రాయాలన్నారు. జూలై 22న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దానిని ఆపింది. ఏమి వడ్డిస్తున్నారో చెబితే చాలునన్నది. యజమాని పేరు చదివితే నూనె మంచిదో చెడ్డదో తెలుస్తుందా?

మన హోటళ్లకు మినహాయింపు కోరడం లేదు. దివ్య ఖుర్‌ఆన్ (2:168) హలాల్‌తో పాటు తయ్యిబ్‌ను, అంటే శుద్ధమైనదానిని, తినమన్నది. హలాల్ బోర్డు కట్టి మురికి వంటగది నడిపేవారిని మొదట మనమే నిలదీయాలి. 2006 ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు రుసుము చెల్లించి ఆహారాన్ని పరీక్షింపజేయవచ్చు. మసీదు కమిటీలు ఆ హక్కును వాడుకోవాలి. కాని రోజుకూలీ చేత రుసుము కట్టించడం పాలన అనిపించుకోదు. అధికారులు సంతకు రావాలి, నమూనాలు తీయాలి, ఫలితాలను తెలుగులో అందరికీ కనబడేలా అంటించాలి. మేము అడుగుతున్నది ఇంతే.