టి.సి. ఇచ్చి పంపడం వైద్యమా?



వార్షికోత్సవ సంచికకు 'విద్యార్థి - క్రమశిక్షణ' మీద నాలుగు ముక్కలు రాయమని అడిగారు. క్రమశిక్షణ గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున ఐదు గంటల బెల్లు దగ్గర్నుంచి రాత్రి అటెండెన్సు దాకా అందులోనే పెరిగాం. అందుకని, పిల్లలకు జువాలజీ చెప్పుకుని బతికేవాడిగా, దానికి పక్కనే ఉన్న ఇంకో సంగతి ఎత్తుకుంటున్నాను. గుట్కాతోనో, మందు సీసాతోనో, గంజాయితోనో, సెల్‌ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీతోనో పట్టుబడిన పిల్లవాణ్ణి హాస్టళ్ళు ఏం చేస్తున్నాయి?

ఏం చేస్తాయో మనందరం చూసిందే. నలుగురి ముందు నిలబెట్టి కొడతారు. ఒకరోజు కూలి పోగొట్టుకుని తండ్రి వస్తాడు. ట్రంకు పెట్టె, టి.సి. అతని చేతిలో పెట్టి పంపిస్తారు. "వీడి గుణమే అంత" అని ఒక మాట అంటారు. కొన్నిచోట్ల ఆ 'వీడి' కాస్తా 'వీళ్ళ' అవుతుంది. ఆ బహువచనం ఎవరి గురించో ఈ సంచిక చదివేవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ముందు ఈ 'గుణం' సంగతి తేల్చుకుందాం. పార్కిన్సన్స్ అని ఒక జబ్బు ఉంది. చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుపోతుంది. మధ్య మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు చచ్చిపోవడం వల్ల వస్తుంది. రోగులకు డోపమైన్ పనిని అనుకరించే మాత్రలు ఇస్తారు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు ఇలాంటి 11 మంది రోగుల సంగతి వైద్య పత్రికలో రాశారు. ఆ మాత్రలు వాడుతూండగా వాళ్ళకు జూదం పిచ్చి పట్టుకుంది. ఏడుగురికి మాత్ర మొదలుపెట్టిన, లేక మోతాదు పెంచిన మూడు నెలల్లోనే. ఆ తర్వాత డాక్టర్లు గమనించగలిగిన వాళ్ళలో, ఆ మాత్ర తగ్గించడమో ఆపడమో చేశాక జూదం వదిలిపోయింది. ఈ పెద్దమనుషుల గుణం మూడు నెలల్లో చెడి, మాత్ర ఆపగానే మళ్ళీ బాగుపడిందని ఎవరైనా అంటారా? అమెరికాలో డాక్టర్లు దాన్ని జబ్బు కింద రాసుకున్నారు. మన దగ్గర పదహారేళ్ళ కుర్రాడికి అయితే అది గుణం అవుతుంది.

ఈ డోపమైన్ కణాలు ఏం చేస్తాయో బాగా తేల్చి చెప్పినవాడు వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త. స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్ విశ్వవిద్యాలయంలో కోతుల మీద ప్రయోగాలు చేశాడు. కోతి నోట్లో అనుకోకుండా ఒక చుక్క పళ్ళరసం పడితే ఈ కణాలు ఒక్కసారిగా చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక తమాషా జరిగింది. స్పందన దీపం దగ్గరికి జరిగిపోయింది. రసం వచ్చినప్పుడు ఉలుకూ పలుకూ లేదు. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణంలో ఆ కణాల చురుకు మామూలుకన్నా కిందికి పడిపోయింది. అంటే ఆ కణాలు కొలిచేది సుఖాన్ని కాదు. అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాను. 1997లో పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి షుల్ట్జ్ ఈ లెక్కను 'సైన్స్' పత్రికలో వివరించాడు. 2017లో దయాన్, రే డోలన్‌లతో పాటు బ్రెయిన్ ప్రైజ్ అందుకున్నాడు.

మెస్‌లో ఆదివారం కోడికూర వాసనకు మనకు ఎంత హుషారు వచ్చేదో గుర్తు తెచ్చుకోండి. వాసనకు వచ్చినంత హుషారు కంచంలో ముక్క పడ్డాక ఉండేది కాదు. (ముక్క చిన్నది కావడం వల్ల కూడా కావచ్చు.) మామూలు తిండికి, ఆటకు మెదడు ఇలా అలవాటుపడి సర్దుకుంటుంది. మత్తు దగ్గరే చిక్కు. నికోటిన్ నేరుగా ఆ కణాల మీదే పనిచేసి డోపమైన్ విడుదల చేయిస్తుంది. ప్రతిసారీ చేయిస్తుంది. దాంతో "అనుకున్నదానికన్నా ఎక్కువ దొరికింది" అనే తప్పుడు కబురు మెదడుకు మళ్ళీ మళ్ళీ చేరుతుందని శాస్త్రజ్ఞుల వివరణ. జూదంలో మందూ మాకూ ఏమీ లేదు కదా అనవచ్చు. 2003లో షుల్ట్జ్ బృందమే ఇంకో సంగతి చూపించింది. రసం వస్తుందో రాదో సగం సగం అవకాశం ఉన్నప్పుడు, ఎదురుచూస్తున్నంతసేపూ ఈ కణాల చురుకు అన్నిటికన్నా ఎక్కువగా పెరుగుతూ పోయింది. పేకముక్కకు అంతకన్నా ఏం కావాలి? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, మొత్తం దేశానికి పార్లమెంటు 2025లో నిషేధించాయి. మంచిదే. కానీ చట్టం వచ్చిన రోజునే కుర్రాడి తలలోంచి రమ్మీ దిగిపోదు.

"ఛీ అనిపిస్తోందంటాడు, మళ్ళీ వేసుకుంటాడు, నాటకాలు" అని వార్డెన్లు విసుక్కుంటారు. నాటకం కాదు. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే ఆయన, డోపమైన్ లేకుండా చేసిన ఎలుకలు కూడా నోట్లో పోసిన తీపిని చప్పరించి ఇష్టపడతాయనీ, దానికోసం కదలడం మాత్రం మానేస్తాయనీ చూపించాడు. కావాలనిపించడం వేరు, బాగుండడం వేరు. వ్యసనంలో మొదటిది పెరుగుతూ పోతుంది, రెండోది ఎప్పుడో ఆగిపోతుంది. ఇష్టం లేకుండానే చెయ్యి జేబులోకి పోతుంది.

దీన్ని సాకుగా తీసుకోవద్దని తమ్ముళ్ళకు గట్టిగానే చెబుతున్నాను. "నాదేముంది, అంతా డోపమైన్" అనే మాట నా దగ్గర చెల్లదు. నేర్చుకున్న మెదడు మరిచిపోవడమూ నేర్చుకుంటుంది. అయితే టైము పడుతుంది. మెథాంఫెటమిన్ అనే మత్తుమందు మానేసినవాళ్ళ మెదళ్ళను నోరా వోల్కోవ్ బృందం స్కాన్ చేసి 2001లో ప్రచురించింది. దెబ్బతిన్న డోపమైన్ వ్యవస్థ తిరిగి పుంజుకోవడం ఏడాది దాటాక కనిపించింది, అదీ పూర్తిగా కాదు. మానేసిన కొత్తలో చాలామందికి ఏదీ రుచించదు, నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది. అలాంటివాడికి మన పద్ధతి ఏమిటి? మొదటిసారి హెచ్చరిక, రెండోసారి టి.సి. రెండింటికీ మధ్య ఒక్కోసారి పదిహేను రోజులు కూడా ఉండవు.

ఒక వాదం ఉంది, న్యాయమైనదే. వాతావరణం మారితే అలవాటు పోతుంది కదా, అందుకే ఇంటికి పంపుతున్నాం అంటారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో దాదాపు ఐదోవంతు హెరాయిన్‌కు బానిసలమయ్యామని చెప్పారు. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో వాళ్ళను వెతికి పలకరిస్తే, స్వదేశం చేరిన మొదటి ఏడాదిలో వాళ్ళలో మళ్ళీ బానిసలైనవారు నూటికి ఐదుగురే. నిజమే. కానీ వాళ్ళు యుద్ధం వదిలి ఇంటికి పోయారు. మన పిల్లవాడు బడి వదిలి ఎక్కడికి పోతాడు? ఊళ్ళో బెల్టు షాపు పక్కకి. పగలు మేస్త్రీ దగ్గర పని, సాయంత్రం కూలి చేతిలో డబ్బులు. చదువు పోయాక ఎదురుచూడడానికి ఇంకేం మిగిలింది వాడికి? అతని వాతావరణం బాగుపడాలంటే ఆ మారవలసింది హాస్టల్ లోపలే.

మారడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. బడి దారిలో ఉన్న డబ్బా కొట్లకు ఆ కొలత వేయించవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు వార్డెన్ గది గోడ మీద కాదు, నీళ్ళ ట్యాంకు దగ్గర రాయించాలి. రాత్రి ఎవరికీ తెలియకుండా చూసుకోగలిగే చోటు అదే.

ఇక పట్టుబడ్డవాణ్ణి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళడం. వార్డెన్ ఒక్కడు, పిల్లలు వందమందికి పైన. ఆయన్ని అనడం సులువు. కనీసం ఏడాదిపాటు నెలనెలా ఆ పిల్లవాడి వెంట వెళ్ళేవాళ్ళు కావాలి. మన పూర్వ విద్యార్థుల్లో జిల్లా కేంద్రంలో ఉంటున్నవాళ్ళు తక్కువేమీ లేరు. ఒక్కొక్కరు ఒక్కో పిల్లవాడి బాధ్యత తీసుకుంటామని, అంతవరకు టి.సి. రాయవద్దని, ఈ వార్షికోత్సవ సభలో వార్డెన్ గారికి కాగితం మీద రాసి ఇద్దాం. బస్సు ఛార్జీలకు విడిగా ఒక నిధి పెడితే మొదటి వెయ్యి నాది. మొదటి పిల్లవాడి వెంట వచ్చే మనిషినీ నేనే.