ఫలితాలకు ముందే మూసుకుపోయే తలుపులు

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన నాటి నుండి ఫలితాలు వెలువడే నాటి వరకు మన ఇళ్ళలో ఒక విధమైన విరామం నెలకొంటుంది. పిల్లల పైచదువుల గురించి మేము అడిగినప్పుడల్లా తండ్రుల నుండి వచ్చే సమాధానం ఒక్కటే: "ముందు మార్కులు రానివ్వండి మౌలానా సాబ్, తరువాత చూద్దాం." వినడానికి ఇది సహనంలా తోస్తుంది. కాని సహనం వేరు, చేతులు ముడుచుకుని కూర్చోవడం వేరు. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. విశ్వవిద్యాలయ ప్రవేశాల విషయంలో ఆ త్రాడు కట్టవలసిన సమయం ఫలితాల కంటే ముందే వచ్చి వెళ్ళిపోతున్నది.

మౌలాలి వాసులకు విశ్వవిద్యాలయం దూరాన ఉన్నదేమీ కాదు. లాలాపేట మీదుగా తార్నాక చేరితే చాలు. ఉస్మానియా ప్రాంగణమూ, దాని చెంతనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ ఎదురవుతాయి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1918లో ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా ప్రారంభమైంది. పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేందుకు అప్పట్లో ఒక అనువాద సంస్థనే నెలకొల్పారు. అంతటి సంకల్పంతో వెలసిన విద్యాలయం, 1939 నాటి ఆర్ట్స్ కళాశాల భవనంతో సహా, మన పిల్లలలో అనేకులకు సెలవు రోజున ఫోటోలు దిగే చోటుగానే మిగిలిపోతున్నది. ఇందుకు కారణం మార్కుల కొరత ఒక్కటే కాదు. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం కూడా.

మొదటి తలుపు కేంద్రీయ విశ్వవిద్యాలయాలది. ఇఫ్లూ, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటివి ఇంటర్ తరువాతి కోర్సులకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షను ఆధారంగా తీసుకుంటున్నాయి. 2022లో మొదలైన ఈ పరీక్షకు దరఖాస్తు గడువు మన ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తున్నది. ఎప్‌సెట్ సంగతీ అంతే. కనుక రెండవ సంవత్సరం చదువుతుండగానే, చలికాలం నుండే ప్రకటనలు చూస్తూ ఉండాలి. సీయూఈటీ రాయడంతో పని పూర్తి కాదు. చేరదలచిన విశ్వవిద్యాలయం కోరితే అక్కడ విడిగా మరొక దరఖాస్తు కూడా చేయవలసి ఉంటుంది.

రెండవ తలుపు దోస్త్. మన ఇళ్ళలో మిత్రుడనే అర్థంలో వాడే మాటే, 2016 నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానానికి పేరయింది. ఉస్మానియాతో పాటు కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలకు ఒకే దరఖాస్తు సరిపోతుంది. కొన్ని కళాశాలలు దీని వెలుపల ఉంటాయి. వాటికి విడిగా వెళ్ళాలి. ఉస్మానియాలో డిగ్రీ అంటే ఆర్ట్స్ కళాశాల భవనంలోనే కూర్చోవాలని భావించరాదు. బషీర్‌బాగ్‌లోని నిజాం కళాశాల, సైఫాబాద్ సైన్స్ కళాశాల ఆ విశ్వవిద్యాలయానివే. 1924లో ఆరంభమైన కోఠీ మహిళా కళాశాల 2022లో స్వయంగా మహిళా విశ్వవిద్యాలయంగా మారింది.

దోస్త్‌లో రెండు విషయాలు ప్రాణం వంటివి. ఒకటి ఆప్షన్ల వరుస. సీటు కేటాయింపు పైనుండి క్రిందికి సాగుతుంది. సులభంగా దొరికే కళాశాలను పైన వ్రాస్తే అదే దక్కుతుంది, కోరుకున్నది క్రింద ఉండిపోతుంది. కనుక మనసుకు నచ్చినదానిని ముందుంచి, తగినన్ని ఆప్షన్లు ఇవ్వాలి. రెండవది ఫోన్ నంబరు. మా బస్తీలో చదువులో చురుకైన ఒక అమ్మాయి దరఖాస్తును ఇంటర్నెట్ కేంద్రంలో నింపించారు. అక్కడి కుర్రవాడు తన నంబరునే నమోదు చేశాడు. మొదటి విడతలోనే ఆమెకు కోరిన ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చింది. ఆ సమాచారం ఆమెకు చేరలేదు. గడువులోగా ఆన్‌లైన్‌లో అంగీకారం తెలుపనందున సీటు రద్దయింది. చివరి విడతలో, ఇంటికి దూరంగా, ఫీజు కట్టి చదవవలసిన కళాశాల దొరికింది. అక్కడికి పంపేందుకు తండ్రి వెనుకాడారు. ఒక్క నంబరు కారణంగా ఆ బిడ్డ ఒక సంవత్సరం ఇంట్లో కూర్చున్నది.

దరఖాస్తు అమానత్ వంటిది. దానిని పరాయి చేతికి అప్పగించి మరచిపోరాదు. ఆధార్‌తో ముడిపడిన నంబరు ఇంటివారిదే కావాలి. విద్యార్థి తానే కూర్చుని నింపాలి; తల్లిదండ్రులలో ఒకరు ప్రక్కన ఉండి చూడాలి. చదవడం రాని తల్లి అయినా సరే, ఆమె ప్రక్కన కూర్చుని ప్రతి గడిలో ఏమి వ్రాస్తున్నావని అడిగితే బిడ్డ మరింత జాగ్రత్త వహిస్తుంది.

ఇక ఎంపిక. పొరుగింటి అబ్బాయి కంప్యూటర్లు చదివాడు కనుక మనవాడూ అదే చదవాలన్నది మషూరా కాదు. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపుతో సాగుతాయని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. ఆ సంప్రదింపులో చదవబోయే బిడ్డకు కూడా మాట ఉండాలి. ఆ కోర్సును ఇప్పటికే చదువుతున్న ఒక విద్యార్థిని, పాఠం చెప్పే ఒక అధ్యాపకుణ్ణి కలవాలి. తరగతులు నిజంగా జరుగుతాయా, ప్రయోగశాల ఉన్నదా, చదువు ముగిశాక పీజీకి ఏ దారులున్నాయి అని అడగాలి. ఇస్తిఖారా నమాజు ఈ విచారణకు తోడు. దానికి బదులు కాదు.

ఖర్చు విషయంలో ముందే లెక్క చూసుకోవాలి. మైనారిటీ విద్యార్థులకు ఈ-పాస్ ద్వారా వచ్చే ఉపకారవేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందేందుకు తల్లిదండ్రుల వార్షికాదాయం గ్రామాలలో 1,50,000, పట్టణాలలో 2,00,000 రూపాయలు మించరాదు. హాజరు 75 శాతం ఉండాలి. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే కళాశాల ఫీజును ముందుగా కట్టమంటుందా అన్నది చేరకముందే అడిగి తెలుసుకోవాలి. 2007 చట్టం ప్రకారం ముస్లిములలోని నిర్దిష్ట వర్గాలకు బీసీ-ఇ క్రింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. అర్హులు మీసేవలో పత్రాలను ముందే తీసుకోవాలి. అర్హత లేనివారు కులం, ఆదాయం తప్పుగా చూపి పత్రం సంపాదిస్తే అది మరొక పేదబిడ్డ హక్కును హరించడమే అవుతుంది. ఇల్మ్ కోసం వేసే తొలి అడుగు అబద్ధంపై పడరాదు.

ఆడపిల్లల విషయంలో దూరం, ప్రయాణం అనే చింత సహజమే. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం కావడంతో ఖర్చు అడ్డంకి తగ్గింది. మిగిలిన భయానికి మందు, ఒకసారి తండ్రి కూతురితో కలిసి ఆ కళాశాలకు వెళ్ళి రావడమే.

మద్రసా విద్యార్థులకు సైతం ద్వారాలు మూసివేయబడలేదు. పదవ తరగతి, ఇంటర్ లేనివారు ఓపెన్ స్కూల్ ద్వారా వాటిని పూర్తి చేయవచ్చు. 1998లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తాను గుర్తించిన మద్రసాల పట్టాలను ప్రవేశానికి అంగీకరిస్తుంది. బ్రిడ్జి కోర్సులను కూడా నడుపుతున్నది. మన మద్రసా పేరు ఆ జాబితాలో ఉన్నదా అని ఉస్తాదులే ముందుగా చూసి చెప్పాలి. ఇమామ్ బైహఖీ 'సునన్ కుబ్రా'ను పది సంపుటాలుగా ముద్రించి లోకానికి అందించినది 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్. అది నేడు ఉస్మానియా ప్రాంగణంలోనే ఉన్నది. దీన్ చదువు, విశ్వవిద్యాలయ చదువు ఒకదానికొకటి పరాయివి కావనడానికి ఇంతకు మించిన సాక్ష్యం మనకు అవసరం లేదు.

ఈ మాసం ప్రతి ఇంట్లో ఒక కాగితంపై మూడు వరుసలు వ్రాసుకోవాలని మా మనవి: ఏ కోర్సు, ఏ ప్రవేశ విధానం, ఏ తేదీ చివరిది. దానిని వంటింటి గోడకు అంటించాలి, అందరి కళ్ళూ పడే చోట. అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను, దానికి తగిన సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.