చిగుళ్ళు – చిరునవ్వు

మనిషి ముఖాన్ని చూడగానే ఎదుటివారు మొదట చదివే అక్షరం చిరునవ్వు. భాష తెలియనివారికి కూడా అర్థమయ్యే ఆ అక్షరాన్ని దిద్దించుకోవాలనే కోరిక ఈనాటి యువతలో బలపడుతున్నది. సికింద్రాబాదులో ప్యాట్నీ కూడలి నుండి మారేడుపల్లి దాకా నడిచి వెళితే దంతవైద్యశాలల ముందు అందమైన నవ్వుల చిత్రపటాలు పలకరిస్తాయి. పళ్ళను వరుసలో నిలపడం, తెల్లబరచడం మాత్రమే కాక, చిగుళ్ళను కోసి వాటి అంచులను తీర్చిదిద్దే చికిత్స కూడా నేడు అందుబాటులో ఉన్నది. దీనిని కేవలం విలాసమని కొట్టివేయడం సులభం. విజ్ఞానం ప్రసాదించిన వరమని పొగడడమూ సులభమే. ఇది ఎవరికి అవసరం, ఎప్పుడు అవసరం అని వివేచించడమే విద్యావంతుల కర్తవ్యం.

తెలుగు భాషలో ఒక చక్కని విశేషమున్నది. లేత ఆకులను చిగుళ్ళంటాము. పళ్ళ మొదళ్ళను పట్టి ఉంచే మెత్తని కండనూ చిగుళ్ళనే అంటాము. మన పూర్వులు రెండింటినీ ఒకే మాటతో పిలిచారు. మన ప్రబంధకవులు పళ్ళను మొల్లమొగ్గలతో, దానిమ్మ గింజలతో పోల్చారు. పెదవిని దొండపండన్నారు, నవ్వును వెన్నెలన్నారు. చిగుళ్ళ కొలతలను మాత్రం వారు లెక్కించలేదు. నాట్యశాస్త్రకర్త భరతుడు హాసాన్ని స్మితం, హసితం మొదలుగా ఆరు విధాలుగా విభజించాడు. స్మితంలో పళ్ళు కనిపించవు, హసితంలో కొద్దిగా కనిపిస్తాయి. అయితే ఆయన పళ్ళతో ఆగలేదు. చెక్కిళ్ళ వికాసాన్ని, కన్నుల చూపును కూడా చెప్పాడు. నవ్వు ముఖమంతటికీ చెందినదని దీనివల్ల తెలుస్తున్నది. దానిని పెదవికీ పంటికీ మధ్య ఉన్న కొన్ని మిల్లీమీటర్లకు కుదించడం నేటి కాలపు దృష్టి.

ఇక శాస్త్రం మాటకు వద్దాము. నవ్వినప్పుడు పై చిగురు ఒకటి రెండు మిల్లీమీటర్లు కనిపించడం సహజం. మూడు నాలుగు మిల్లీమీటర్లు మించి కనిపిస్తే దంతవైద్యులు దానిని ‘గమ్మీ స్మైల్’ అంటారు. దీనికి కారణం అందరిలో ఒకటి కాదు. కొందరిలో చిగురు పంటిని ఎక్కువగా కప్పి ఉంటుంది. కొందరిలో పై దవడ ఎముక పొడవుగా ఉంటుంది. మరికొందరిలో పై పెదవి పొట్టిగా ఉండడమో, నవ్వినప్పుడు మరీ పైకి లేవడమో కారణమవుతుంది. చిగురును కత్తితోగాని లేజర్ కిరణంతోగాని సరిదిద్దే చికిత్స మొదటి రకానికే సరిపోతుంది. దవడ ఎముకలో ఉన్న కారణానికి చిగురును కోయడం, కాలిలో ముల్లు దిగితే చేతికి కట్టు కట్టడం వంటిది.

చిగుళ్ళకు శస్త్రచికిత్స మనకు కొత్తది కాదు. సుశ్రుతుడు నోటికి వచ్చే అరవై అయిదు వ్యాధులను పేర్కొని, వాటిలో పదిహేనింటిని దంతమూలాలకు చెందినవిగా చెప్పాడు. అధిమాంసమనే వ్యాధిలో పెరిగిన కండను ఛేదించాలని విధించాడు. అక్కడ కత్తి వ్యాధిని తొలగించడానికి వచ్చింది. ఈనాడు కూడా మూర్ఛవ్యాధికి వాడే ఫెనిటాయిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్ వంటి మందులవల్ల కొందరికి చిగుళ్ళు విపరీతంగా పెరుగుతాయి. నమలడానికి, పళ్ళు తోముకోవడానికి అడ్డుపడే అటువంటి చిగుళ్ళను తొలగించడం న్యాయమైన వైద్యం. దానిని అలంకారమని ఆక్షేపించడం తగదు.

కళాశాల విద్యార్థులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయమొకటి ఉన్నది. పన్ను నోటిలోకి వచ్చిన తరువాత కూడా చిగురు అంచు కొన్నేళ్ళపాటు పంటి మెడవైపు జరుగుతూనే ఉంటుంది. ఈ మార్పు కౌమారదశ చివరి వరకు సాగుతుంది. పదహారేళ్ళ వయస్సులో పొట్టిగా కనిపించే పన్ను ఇరవై ఏళ్ళు దాటేసరికి తనంతట తానే నిండుగా కనిపించవచ్చు. యౌవనారంభంలో శరీరంలో కలిగే మార్పులవల్ల, పళ్ళకు కట్టిన తీగల మధ్య పాచి చేరడంవల్ల చిగుళ్ళు వాయడం కూడా సాధారణమే. శ్రద్ధగా తోముకుంటే, వైద్యునిచేత గార తీయించుకుంటే ఆ వాపు చాలవరకు తగ్గుతుంది. కాలం, కుంచె కలిసి ఉచితంగా చేయగల పనికి కత్తిని పిలవడం తొందరపాటు.

అందానికి ప్రమాణమేదో ఎవరు నిర్ణయిస్తున్నారని కూడా ప్రశ్నించుకోవాలి. పూర్వం దక్కనులోను, ఉత్తర భారతంలోను స్త్రీలు మిస్సీ అనే నల్లని పొడిని పళ్ళకు, చిగుళ్ళకు పూసుకొని దానిని అలంకారంగా భావించారు. ఈనాడు అదే దక్కనులో సహజంగా నల్లగా ఉన్న చిగుళ్ళను గీకించి గులాబిరంగుకు మార్చుకొంటున్నారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థమే చిగుళ్ళకూ ఆ నలుపునిస్తుంది. అది రోగం కాదు. నిన్న నలుపు అందం, నేడు గులాబి అందం. ఫ్యాషన్ మారినప్పుడు పూసిన పొడిని కడుక్కోవచ్చుగాని కోసిన చిగురును తిరిగి అతికించుకోలేము.

ఈ చికిత్స చిన్నదే కావచ్చు, నిపుణుల చేతిలో సురక్షితమే కావచ్చు, కాని నిర్లక్ష్యానికి తావిచ్చేటంత చిన్నది కాదు. ఎముక అంచుకు పైన చిగురు పంటిని అంటిపెట్టుకొని ఉండడానికి సుమారు రెండు మిల్లీమీటర్ల చోటు కావాలి. ఆ హద్దును మీరి కోస్తే వాపు, రక్తస్రావం వెంటాడుతాయి. చిగురు మరీ పైకి పోయి పంటి వేరు బయటపడితే చల్లని నీరు తాగినా జివ్వుమంటుంది. మత్తుమందు విషయంలో జాగ్రత్త మరింత అవసరం. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో పెళ్ళి నిశ్చయమైన ఒక యువకుడు చిరునవ్వును మెరుగుపరచే దంతచికిత్సకు వెళ్ళి మరణించాడు. మత్తుమందు మోతాదు మించిందని తండ్రి ఆరోపించగా పోలీసులు కేసు నమోదు చేశారు. దోషమెవరిదో తేల్చడం మన పని కాదు. పెళ్ళి ముహూర్తం ముంచుకొస్తున్నదని తొందరపడే ఇళ్ళన్నీ ఆ వార్త విని ఒక్కక్షణం ఆగాలి.

మత్తుమందు భద్రత గురించి ప్రపంచం ఒకప్పుడు మన నగరంవైపే చూసింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రోత్సాహంతో, రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెండవ కమిషన్‌లో పాల్గొనడానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు రోగి శ్వాసనే కనిపెట్టి ఉండాలని వారు నిర్ణయించారు. అది గుండెనూ ఆపగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించడంతో వారి సిద్ధాంతంలోని లోపం బయటపడింది. అయినా మత్తులో ఉన్న మనిషిపై నుండి చూపు మరల్చరాదన్న పాఠం నేటికీ నిలిచి ఉన్నది.

“నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయని తోటివారు వెక్కిరిస్తే నోటికి చేయి అడ్డుపెట్టుకొని బతకాలా?” అని కొందరు అడుగవచ్చు. ఈ ప్రశ్నలోని బాధ నిజమైనది. తరగతిలో నవ్వలేక, ఫోటోలో పెదవి విప్పలేక కుమిలిపోయేవారున్నారు. కారణం తెలుసుకొని, వయస్సు నిండిన తరువాత, తమ ఇష్టంతో వారు చికిత్స చేయించుకుంటే ఆక్షేపించే హక్కు ఎవరికీ లేదు. కాని వెక్కిరించినవారి నాలుకలో ఉన్న దోషానికి వెక్కిరింపబడినవారి చిగురును కోయడమే మొదటి మందు కారాదు. తోటి విద్యార్థి నవ్వును ఎగతాళి చేయకపోవడం ఏ ఖర్చూ లేని చికిత్స.

చికిత్స అవసరమనుకున్నవారు కుర్చీలో కూర్చోకముందే కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. నా సమస్యకు కారణం చిగురా, ఎముకా, పెదవా? ఆగితే వచ్చే నష్టమేమి? చేసేవారు చిగుళ్ళ వైద్యంలో ప్రత్యేకంగా శిక్షణ పొందినవారేనా? ఏ మత్తుమందు, ఎంత మోతాదు ఇస్తారు? ఊపిరి ఇబ్బందైతే ఆక్సిజన్ సిద్ధంగా ఉన్నదా? తనకున్న జబ్బులను, వాడుతున్న మందులను, పడని మందులను వైద్యునికి దాచకుండా చెప్పడం రోగి బాధ్యత. చికిత్స స్వభావాన్ని, ప్రత్యామ్నాయాలను, ప్రమాదాలను తెలిపి సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక ఈ ప్రశ్నలు అడగడం వైద్యుని అవమానించడం కాదు, అది రోగి హక్కు. ప్రశ్నలకు విసుగుపడే చోటునుండి లేచి రావడమే మేలు. ఒక వైద్యుని మాటపై సందేహముంటే దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో మరొక అభిప్రాయం పొందవచ్చు.

తోటమాలి కూడా కొమ్మలను కత్తిరిస్తాడు. కాని ఏ కొమ్మ ఎండినదో, ఏది ఇంకా ఎదగవలసినదో చూసిన తరువాతనే కత్తెర పడతాడు. లేత చిగురును కత్తిరించడానికి అతని చేయి రాదు. మన నోటిలోని చిగుళ్ళ విషయంలోనూ ఆ ఓర్పే కావాలి. రోగముంటే వైద్యం ఆలస్యం చేయరాదు. రోగం లేనప్పుడు మాత్రం, ఎదుగుదల పూర్తయ్యేవరకైనా ఆగడం యుక్తం.