పన్ను పీకిన గుంతలో మందు పోయకండి

హొళగుంద, ఆదోని పక్క పన్ను పీకించుకుని వచ్చిన మనిషికి ఇంట్లో గంజి చల్లారేలోపే బయటి నుంచి సలహా వస్తుంది: "ఒక క్వార్టరు వేసుకో. నొప్పీ పోతుంది, పుండూ శుభ్రమవుతుంది." ఇందులో రెండో మాట పచ్చి అబద్ధం. మొదటిది సగమే నిజం.

క్రిములను చంపాలంటే స్పిరిట్‌లో ఆల్కహాలు 60 శాతమైనా ఉండాలి. దుకాణంలో దొరికే బ్రాందీ, విస్కీల్లో ఉండేది 42.8 శాతం. నీళ్లు కలిపాక అదీ ఉండదు. పచ్చి పుండును మండించడానికి మాత్రం అది చాలు.

పన్ను పోయిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. లోపలి ఎముకకూ నరాలకూ ఆ గడ్డే కప్పు. అది నిలవాలనే డాక్టరు గాజుగుడ్డ కరిపించి, ఆ రోజంతా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు అని చెప్పి పంపుతారు. తాగితే రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం త్వరగా గడ్డకట్టదు, ఆగిన చోట మళ్లీ కారుతుంది. మందుతో పుక్కిలించి, పైన బీడీ కూడా లాగితే గడ్డ ఊడి ఎముక బయటపడొచ్చు. దీన్నే డ్రై సాకెట్ అంటారు. రెండో రోజో మూడో రోజో మొదలై చెవి దాకా పోటు పొడుస్తుంది. పత్తి చేలో కూలికి పోవాలని తాగిన మనిషి, ఆ కూలి పోగొట్టుకుని మళ్లీ ఆదోని బస్సెక్కాలి.

తాగితే కాసేపు నొప్పి తెలియదు, నిజమే. ఆ కాసేపటి కోసం డాక్టరు రాసిచ్చిన మాత్రలతో కడుపులో ఏం కలుస్తోందో చూడండి. డైక్లోఫెనాక్‌తో మద్యం కలిస్తే కడుపులో రక్తస్రావం కావొచ్చు. పారాసిటమాల్‌తో కలిస్తే కాలేయానికి ముప్పు. మెట్రోనిడజోల్ రాసిస్తే మద్యం జోలికే పోవద్దని డాక్టర్లు హెచ్చరిస్తారు: వాంతులు, గుండెదడ రావొచ్చు.

దెబ్బ తెలియకుండా తాగడం మన దగ్గర మగతనంగా చెల్లుబాటవుతోంది. హొళగుంద మండలంలోనే ఉన్న దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరానికి ముందు పోలీసులు మద్యం మీద నిఘా పెట్టేది ఊరికే కాదు. పైగా 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది. చవకగా దొరికినంత మాత్రాన అది నొప్పి మాత్ర అయిపోదు.

రోజూ తాగే అలవాటుంటే, పన్ను పీకకముందే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఒక్కసారిగా మానితే చేతులు వణికేవాళ్లకు ఆయనే దారి చూపాలి. మిగతావాళ్లు మాత్రలు అయిపోయి, ఆపైన మూడు రోజులు గడిచేదాకా చుక్క ముట్టవద్దు. ఇంట్లో ఆడవాళ్లకూ పిల్లలకూ ఒక మనవి: అప్పటిదాకా సీసాతో వచ్చే స్నేహితుణ్ణి గడప దగ్గరే ఆపేయండి.