సిరాబుడ్లూ, ఊరగాయ జాడీలూ

ఎప్పుడూ యతిప్రాసల గొడవతోనో, అరసున్నల తగవుతోనో మీకు విసుగు పుట్టించే నేను ఈ టపాలో సిరాను గురించి వ్రాయబోతున్నాను. విషయం చిన్నదిగా కనబడవచ్చు. నాకు మాత్రం నెల రోజులుగా మనసు మనసులో లేదు.

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయించవలసి వచ్చి, బీరువాలోని సిరాబుడ్లన్నీ వసారాలో చాప పరచి దించాను. ఎన్ని ఉన్నాయో అంతవరకూ నాకే తెలియదు. లెక్కపెడితే 118 తేలాయి. ఏడవ తరగతి చదువుతున్న మా మనుమరాలు ఆ చాప ప్రక్కన కూర్చొని, ఏ బుడ్డిలో ఎంత మిగిలిందో కంటితో అంచనా కట్టి కూడుకుంటూ పోయి, మొత్తం నాలుగు లీటర్లకు అటూ ఇటూగా ఉన్నదని తేల్చింది. "ఒక మిల్లీలీటరుకు నువ్వు ఎన్ని పేజీలు రాస్తావు తాతయ్యా?" అన్నది. నా పాళీకి, నా గుండ్రని దస్తూరికి ఆరు పుటలు వస్తాయి. రోజుకు రెండు పుటలు వ్రాస్తాను. ఆ పిల్ల సుద్దముక్కతో గచ్చు మీదనే లెక్క వేసి, "అయితే ఇదంతా అవడానికి 33 ఏళ్లు పడుతుంది. నీకు ఇప్పుడు 67. సరిగ్గా వంద!" అని నవ్వి, "మధ్యలో కొత్తది కొనకపోతేనే" అని కూడా చేర్చింది.

ఆ ఉదయమే మరొక బుడ్డికి డబ్బు కట్టి ఉన్నాను. ఆ మాట పిల్లతో చెప్పలేదు.

ఈ వ్యసనం నాకు ఉద్యోగ విరమణ తరువాత పట్టుకొన్నది. చిన్నతనంలో సిరా అంటే బిళ్ల. నీళ్లలో వేసి కరిగించుకోవడమే. చేతిలో పైసలు ఆడినప్పుడు కొట్టుకు పోతే శెట్టిగారు ఫిల్లరుతో కలం నింపి ఇచ్చేవారు, నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే అదే పండుగ. నేను భాషాప్రవీణలో చేరిననాడు మా నాన్నగారు రాజమహేంద్రవరం నుంచి నల్లని ఎబొనైటు కలం ఒకటి తెచ్చి ఇచ్చారు. ఆ ఊళ్లో రత్నం వారు గాంధీగారి స్వదేశీ మాటను తలదాల్చి 1932లో కలముల తయారీ మొదలుపెట్టిన సంగతి మీకు తెలిసినదే. అదే స్వదేశీ గాలికి బెంగాలులో మైత్రా సోదరులు 1934లో సులేఖ సిరాను ఆరంభించారు. ఇక్కడ కలము, అక్కడ సిరా, రెండేళ్ల తేడా! సులేఖ కర్మాగారం 1980ల చివర మూతపడి, చాలా ఏళ్లకు మళ్లీ తెరచుకొని, 2020లో సిరాబుడ్లతో మరల బజారుకు వచ్చింది. ఆ వార్త విని వెంటనే మూడు రంగులు తెప్పించాను. అవసరమై కాదు, ముచ్చటపడి. అక్కడే మొదలైంది. తరువాత అబ్బాయి విదేశం నుంచి వచ్చినప్పుడల్లా జపాను సిరాలు పట్టుకొని రావడం, పాత శిష్యులు నా పిచ్చి కనిపెట్టి తలొక బుడ్డీ బహూకరించడం. పైలట్ వారు 2007లో తెచ్చిన ఇరోషిజుకు వరుసలో ఒక రంగు పేరుకు వెన్నెల రాత్రి అని అర్థమట, ఇంకొక దానికి అడవిద్రాక్ష అట. పేరు చూసి సిరా కొనడం తెలుగు పంతులుకు తప్పించుకోరాని బలహీనత.

ఇన్ని చేరిన తరువాత అందరూ చెప్పే క్రమశిక్షణలన్నీ పాటించాను. దళసరి కాగితపు చీట్లు కోసి, ఒక్కొక్క రంగుకు ఒక చీటీ చేసి, పైన దూదిపుల్లతో పూత, క్రింద పాళీతో రెండు పంక్తులు, వెనుక కొన్న తేదీ వ్రాశాను. ఒక రిజిస్టరు కట్టాను. అందులో కంపెనీ పెట్టిన పేరు ప్రక్కన నా పేరు ఒకటి: నేరేడు, నెమలికంఠం, గచ్చకాయ రంగు, మావిచిగురు, దొండపండు, పాలపిట్ట. మెరుపు రజను కలిపిన సిరాలన్నింటికీ కలిపి కాకిబంగారం అని పెట్టాను. నిజానికి వాటిలో చాలావాటికి మెరుపునిచ్చేది అభ్రకమే కనుక ఆ పేరు ఊరికే పోలేదు. నీలాల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. ఎక్కడ నీలం ముగిసి ఎక్కడ నలుపు మొదలవుతుందో తేలక అమరకోశం తెరిస్తే, ధీవర్గంలో అమరసింహుడు నీలాన్ని కృష్ణ, అసిత, శ్యామ శబ్దాలతో కలిపి ఒకే కుప్పలో పోసి కూర్చున్నాడు! బ్లూ-బ్లాక్ సిరాను మనవాళ్లు ఎన్నడో అంగీకరించారన్నమాట అని నవ్వుకొని, రెంటినీ ఒకే అరలో పెట్టాను.

ఇంతా చేసి నేను చేసినది పొరపాటు. సిరాను పుస్తకంలాగా చూశాను. బీరువా, అకారాది, వర్గీకరణ, రిజిస్టరు అంతా గ్రంథాలయం వరస. పుస్తకం చదవకపోయినా చెడదు, నలభయ్యేళ్ల తరువాత తెరిచినా అందులోని పద్యం పద్యంగానే ఉంటుంది. సిరా అట్లా కాదు. సిరా ఊరగాయ వంటిది. దాని దగ్గర పనికివచ్చే శాస్త్రం గ్రంథాలయశాస్త్రం కాదు, మా అమ్మ జాడీల దగ్గర పాటించిన శాస్త్రం.

ఆవిడ శాస్త్రం గొప్పదేమీ కాదు. జాడీలో తడి గరిటె పెట్టకూడదు. విస్తట్లో మిగిలినది మళ్లీ జాడీలో వేయకూడదు. నిరుటిది అయ్యేదాకా ఏటిది విప్పకూడదు. ఎండ తగిలేచోట పెట్టకూడదు. రెండు ఊరగాయలు కలపకూడదు. ఈ ఐదూ సిరాకు అక్షరాలా వర్తిస్తాయి. నేను ఐదింటినీ ఉల్లంఘించి తెలుసుకొన్నాను.

రెండవదే ముందు చెప్పుతాను. కలం కడగబోతూ అందులో మిగిలిన సిరాను పారబోయ బుద్ధి పుట్టక తిరిగి బుడ్డిలో పిండేవాణ్ణి. పొదుపు అనుకొన్నాను. ఒకనాడు ఆ ఆకుపచ్చ సిరా మూత తీస్తే పైన పలుచని తెట్టు కట్టి ఉన్నది. పుల్లతో కదిపితే జిగురుగా, చీమిడిలాగా సాగింది. బూజు. పాత సిరాబుడ్ల మూత తీయగానే ఆసుపత్రి వాసన వచ్చేది గుర్తున్నదా? అది బూజు పట్టకుండా కలిపే ఫినాలు. ఊరగాయకు ఉప్పు ఎట్లాగో సిరాకు అదట్లాగు. ఎంత ఉప్పు వేసినా ఎంగిలి గరిటెను అది తట్టుకోలేదు గదా! ఆ కలంతో మరి రెండు బుడ్లు ముట్టుకొన్నందువల్ల అవీ పోయాయి. ఇప్పుడు సిరంజితో కావలసినంత తీసి నింపుకొంటున్నాను, కలం బుడ్డిలో మునగనే మునగదు.

కలపడం సంగతి కూడా అంతే. ఒక నీలంలో ఒక ఊదా చుక్క వేసి కొత్త రంగు సృష్టించాననుకొన్నాను. మర్నాటికి అడుగున ముద్ద కట్టింది. ఒక సిరా ఆమ్లగుణం కలది, మరొకటి క్షారగుణం కలది కావచ్చు, అట్లాంటివి కలిస్తే రంగు విరిగి అడుగు పడుతుంది. ఇక కాకిబంగారపు సిరా నాన్నగారి కలంలో పోసిన పాపానికి, పాళీ క్రింది నాలుక చాళ్లలో ఆ రజను చేరి, కలం వారం రోజులు గోరువెచ్చని నీళ్లలో నానవలసి వచ్చింది. అయినా ఇవి చిన్న నష్టాలు.

పెద్ద నష్టం వేరే. ఉద్యోగంలో ఉన్న రోజులలో, 1980ల నుంచి, నేను పనిచేసిన ఊళ్లలో రైతులూ సాలెవారూ జాలరులూ వాడే మాటలను చీట్ల మీద ఎక్కించుకొనేవాణ్ణి. చాలావరకు బడిలో దొరికే ఉతికితే పోయే నీలి సిరాతో వ్రాశాను. చొక్కాకు మరక అంటితే ఇంట్లో చీవాట్లు తప్పుతాయని దాన్నే వాడేవాణ్ణి. కొన్ని చీట్లు మాత్రం, బడి రిజిస్టర్లకని ఇచ్చిన నీలినలుపు సిరాతో. ఒక తుపాను రాత్రి పెంకులు జరిగి ఆ పెట్టెలో నీళ్లు దిగాయి. తెల్లవారి చూస్తే నీలి చీట్లు ఆకాశంలాగా ఉన్నాయి, అక్షరం లేదు. నీలినలుపు చీట్లు తడిసి ముడుచుకొన్నా ప్రతి మాటా చదవగలిగేట్టే ఉన్నది. పోయిన మాటలలో కొన్నింటిని గుర్తు తెచ్చుకొని మళ్లీ వ్రాశాను. చెప్పినవారిలో పలువురు ఇప్పుడు లేరు.

ఆ నీలినలుపులో ఉన్న విశేషం ఇనుము. మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి, తుమ్మబంకతో చిక్కపరచి చేసే సిరా అది. మన ప్రక్క మాచికాయకు బదులు కరక్కాయ. వ్రాసేటప్పుడు పాలిపోయి కనబడుతుంది, గాలి తగిలిన కొద్దీ నల్లబడి కాగితపు పీచులో దిగి కూర్చుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ పాలలో ముంచి ఆరవేసి, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవంతో గీతలు గీస్తారు. తగిలిన చోట నలుపు పుడుతుంది. అదీ ఇదీ ఒకటే రసాయనం. ఇంగ్లండులో జనన మరణ వివాహాల రిజిస్టర్ల కోసం ఇట్లాంటి సిరానే ప్రత్యేకంగా చేసేవారు, డయమైన్ కంపెనీ ఆ రిజిస్ట్రారు సిరాను నేటికీ అమ్ముతున్నది. నీలినలుపు అని చీటీ అంటించినదల్లా ఇనుము సిరా కాదు సుమండీ. ఈ కాలపు నీలినలుపులలో చాలావరకు వట్టి రంగునీళ్లే. అడిగి తెలుసుకొని కొనవలసిందే. పోయిన వేసవిలో పన్నెండు రంగుల చీట్లను సగం అట్టముక్కతో కప్పి దక్షిణపు కిటికీలో పెట్టాను. జూనులో అట్ట తీస్తే ఉతుకు నీలం దాదాపు మాయమైంది, గులాబీలు వెలవెలబోయాయి, ఇనుము సిరా నీలం పోయి బూడిదరంగుకు దిగినా అక్షరం చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. కాగితం మీద అందరికంటె ఎక్కువ కాలం బ్రతికే ఈ సిరా, బుడ్డిలో అందరికంటె త్వరగా చెడుతుంది. మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయి, కాగితం మీద జరగవలసిన పని బుడ్డిలోనే జరగడం మొదలవుతుంది. నాలుగైదేళ్లకు అడుగున నల్లని మడ్డి దిగుతుంది. నా 118 లోనూ అట్లాంటివి ఆరు ఉన్నాయి. చాప మీద పైకెత్తి చూస్తే, వాటిలో రెండు అప్పటికే మడ్డి అయ్యాయి. అవి మంచివని దాచాను. నిఘంటువు చీట్లు తిరగవ్రాయడానికి పనికివస్తాయని దాచాను. తిరగవ్రాయలేదు, దాచాను.

కనుక నా అభిప్రాయం ఇది. సిరాలు సేకరించేవారికి కావలసినది మరొక బీరువా కాదు, మరింత అందమైన రిజిస్టరూ కాదు. బుడ్డి కొన్న తేదీ కంటె విప్పిన తేదీ ముఖ్యం. ఏది ముందు చెడుతుందో దానిని ముందు వాడాలి. మన తరువాత ఎవరైనా చదవాలనుకొనే ప్రతి వ్రాతకూ ఇనుము సిరాయో, నీళ్లకు చెదరని మరొకటో వాడాలి. ఉత్తరాలకూ, చాకలిపద్దుకూ, ఈ టపా చిత్తుప్రతికీ ఏ వంగపండు రంగైనా చాలును. ఇనుము సిరా కాస్త పుల్లనిది, ఉక్కు పాళీని తినివేస్తుంది, కలంలో వారాల తరబడి ఉంచరాదు. కాని ఆ మాత్రపు కడుగుడుకు బద్ధకించేవానికి 118 బుడ్లు ఎందుకు?

"అందం కోసం చూసుకొనే హక్కు లేదా మాస్టారూ? తపాలా బిళ్లలు సేకరించేవాడు వాటిని అంటించి పంపుతున్నాడా?" అని ఒక మిత్రుడు ఫోనులో వాదించాడు. బాగానే అడిగాడు. కిటికీ వెలుగులో నేరేడు రంగు బుడ్డి పట్టుకొని చూడడంలో సుఖం నాకూ తెలుసు, దానిని మానుకోలేను. అయితే తపాలా బిళ్ల ఎండి అడుగున గడ్డకట్టదు. చూసుకోవడానికి ఒక అర చాలును. మిగిలినవి పోవాలి.

పోతున్నాయి. మా ఊరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు కలం ఇచ్చి, రంగు కోరుకోమన్నాను. పదకొండుమంది వచ్చారు, అందరూ కాకిబంగారమే కావాలన్నారు. కలాలు పాడవుతాయని చెప్పి చూశాను గాని వినలేదు. పుల్లకలాలు ముంచి వ్రాసుకొమ్మని ఇచ్చాను. చిన్న సీసాలలో పోసి తెలిసినవారికి పంచాను. బూజు పట్టినవీ మడ్డి దిగినవీ తీసివేశాక ఇప్పుడు 64 ఉన్నాయి. డబ్బు కట్టిన ఆ కొత్త బుడ్డి కూడా రానే వచ్చింది, దానితో 65. మనుమరాలు చూసి ఏమీ అనలేదు, రిజిస్టరులో తానే ఎక్కించింది.

చెడని నాలుగు ఇనుము సిరాలలో పాతదానిని విప్పి, మిగిలిన పదాల చీట్లు తిరగవ్రాయడం మొదలుపెట్టాను. రోజుకు ఇరవై. నిన్నటికి జాలరుల మాటలు అయ్యాయి, ఇవాళ మగ్గం మాటలు ఎత్తుకోవాలి. బుడ్డి సగానికి దిగింది.